ఓపిక కప్పు

రాజుల ఆట మనకెందుకే అని ముందుగాల మొత్తుకున్నది నేనే. సౌదీల, రాబిగ్‌ల మా క్యాంపు రూముల, శుక్రవారం పగటి బువ్వ తిన్నంక చెంచయ్య ఆడించే ఆట అది. ఆయనది నెల్లూరు, ఆఫీసుల టైపిస్టు. పాచికల్లేవు, గవ్వల్లేవు. కండ్లు మూసుకొని పండుకొని, నేనొక రాకుమారున్ని అనుకొని మాట్లాడుడే. ఇద్దరు కొట్లాడితే ఎవనికి బలమెక్కువుంటె వాడు గెలుస్తడు. ఏసీ గుయ్యిమంటుంటె ఆ మాటలల్లనే సముద్రం మీద నడిచినం, మబ్బులల్ల కోటలు కట్టినం. కండ్లు తెరిస్తే మళ్ల అవే ఇనుప మంచాలు. నాకు మస్తు కోపమొచ్చేది.

"మామూలు మనుషులను పెట్టు చెంచయ్యా! మమ్ములనే పెట్టు," అన్న.

"మామూలోళ్లకి ఆట అల్లడమే కష్టమయ్యా," అనుకుంటనే మనిషికి నాలుగు టీ కప్పులు పెట్టిండు. బలం, పనితనం, మాట, ఓపిక. అందరికి సమానంగ శెనగలిచ్చిండు. దేంట్ల ఎక్కువ పోస్తే అందుల నువ్వు గట్టి. పక్కోనికి చూపియ్యద్దు, మూత పెట్టాలె.

మూతలు తీస్తే ఏమున్నది? నేను, సదానందం, బుచ్చన్న, ముగ్గురం శెనగలన్ని ఓపికలనే పోసినం. చెంచయ్య నెత్తి కొట్టుకున్నడు. "అందరూ ఒకటే అయితే ఎవరు గెలుస్తారు నాయనా!" నవ్వి నవ్వి కడుపులు నొచ్చినయ్.

బుచ్చన్న నవ్వలే. సౌదోళ్లకు నౌకర్లియ్యని కంపెనీలను పట్టే నితాకత్ కానూన్ల మా కంపెనీ ఎర్ర జాబితల పడ్డది, మా ముగ్గురి ఇకామాలు, ఈడ ఉండనిచ్చే కార్డులు, ఎప్పుడో అయిపోయినయ్. ఈ నెలాఖరు దాక మాఫీ ఉన్నది, దండుగ లేకుంట ఇంటికి పోవచ్చు. దాటితే జైలే. నా తమ్ముని కంపెనీల పెట్టిస్త, బుక్రా రా అంటడు మాకు వీసా ఇచ్చిన సేటు, కఫీల్. బుక్రా అంటే రేపు. బుచ్చన్న రోజు పోయి వస్తడు.

"నేను కఫీల్ ఇంటికి పోతున్న," అన్నడు బుచ్చన్న కండ్లు మూసుకొని. "ఎవలన్న కఫీల్ కాండ్రి."

నేను కఫీల్‌నైన.

"దర్వాజ కొట్టిన."

"బుక్రా," అన్న.

"నీడకు కూసున్న. ఇసుక మోకాళ్ల దాక వచ్చింది."

"బుక్రా."

"నడుముల దాక వచ్చింది. కూసునే ఉన్న."

ఆయన గొంతు నిద్రల మాట్లాడినట్టే ఉన్నది. నా మూసిన కండ్లల్ల ఆ మనిషి నిజంగనే మునుగుతున్నడు. ఇసుక గదుమ దాక వచ్చింది. నాకు భయమైంది.

"ఎవలు గెలిచిన్రు? నాది నిండు కప్పు గద," అన్నడు.

నాకు తిక్క లేచింది. సంచిల మిగిలిన శెనగలన్ని నా కప్పుల గుమ్మరించిన. పొర్లి మంచమంత పడ్డయ్.

"గింత ఓపిక కఫీల్‌ది! వాడు వాని ఇంట్ల చల్లగ కూసున్నడు, వానిదేం పోతది? నువ్వు సచ్చేదాక బుక్రా అంటడు. నువ్వోడిపోయినవే!"

అన్నంక నా నోరు నేనే తిట్టుకున్న. పదేండ్ల సంది ఒకటే రూము, ఒకటే కూర గంజు. ఆయన పోతే నేనెట్ల ఉండాలె?

బుచ్చన్న లేచి మంచం కింద పెట్టె గుంజిండు.

"ఏందే, గిది ఆటనే గద!" అన్న.

"ఆటల ఓడుడే నయం రా. ఇంటికి పోవాలె. విమానానికి జిద్దా బస్సు ఎప్పుడున్నది?"

బట్టలు సదురుకున్నడు. తాడు మీద ఆరేసిన నా అంగీలు సుత తీసి, మడత పెట్టి, అదే పెట్టెల పెడుతున్నడు.

"ఎవలనడిగి పెడ్తున్నవే?" అని లొల్లి పెట్టిన.

"నీ ఇకామా బతికే ఉన్నదారా నాగేందరూ?"

నాకు ఏడుపొచ్చింది. మంచం కింద వంగి చెప్పులు దేవులాడుకున్న.