హైపో కలిపిన నీళ్ళు

చోడవరం కలరా షెడ్డులో తెల్లారితే పైడితల్లికి ఒకటే పని. రోగుల కుండల్లోని వాంతులూ విరేచనాలూ ఎవరివి వాళ్ళవి విడిగా బాల్చీలో పోసి, బ్లీచింగు కలిపి, మూతపెట్టి గంటసేపు వదిలేసేది. రోగం చచ్చేది గాని బ్లీచింగు చచ్చేది కాదు. అలాగే గోతిలో పోస్తే పక్క మడిలో చెరకు మాడిపోతుందని, బ్లీచింగుని విరిచే, పటికబెల్లంలా ఉండే హైపో గుప్పెడు వేసి కర్రతో కలిపేది. కళ్ళు మండించే ఘాటు మెల్లిగా అణిగేది. అది పోయిన చోట, ఆ రోగి కలవరించే ఇంటి వాసన లేచేది.

అదేం వింత కాదక్కడ. ఊరూ పేరూ చెప్పలేని మనిషొస్తే కాంపౌండరు గణపతిరావు బాల్చీ దగ్గర నిలబడి వాసన చూసేవాడు. హల్వా పాకం వాసనైతే, హల్వాకి పేరుపడ్డ మాడుగులకి బస్సులో కబురంపేవాడు.

పైడితల్లి పెనిమిటి దాసు కూలికని బర్మాలో రంగం వెళ్ళి పదిహేనేళ్ళు. యుద్ధమప్పుడు జనం కొండలు దాటి నడిచొచ్చేరు, అతను రాలేదు. ఆమె బొట్టు తియ్యలేదు. బాల్చీకి రెండో వేపు చెయ్యేసి మోసే తోటి పనివాడు పరదేశి ఓసారి మారుమనువు మాటెత్తితే, "ఆయనొస్తే ఏటి సెప్పను?" అంది. అతను మళ్ళీ ఎత్తలేదు.

పంతొమ్మిదొందల యాభై నాలుగు ఆషాఢంలో, వడ్డాది సంతలో పడిపోయిన అచ్చియ్యమ్మని బండిలో తెచ్చేరు. మర్నాడు ఆమె బాల్చీలో హైపో కలుపుతూ పైడితల్లి చెయ్యి ఆగిపోయింది. కానుగనూనె రాసిన తల. సగం కాల్చి ఆర్పిన చుట్ట. ఆ రెంటి వెనక, ఎవరికీ చెప్పి ఒప్పించలేని ఒక ఒంటి వాసన. ఘాటు పోయినా ఆమె కళ్ళు మండుతూనే ఉన్నాయి. దాసుని ఎరిగిన పరదేశి తల తిప్పుకున్నాడు.

అచ్చియ్యమ్మ తేరుకుని గంజి తాగిన రోజు, ఇంట్లో ఎవరున్నారని పైడితల్లి అడిగింది.

"మా ఆయన. రంగం నుంచి నడిచొచ్చినోడు. ముందో పెళ్ళాం ఉండీదట, జొరానికి పోయిందని దారిలో ఎవుడో సెప్పేడట. ఏటా పెద్దలకి పెట్టినప్పుడు దాని పేరున కోక పెడతాడు."

పైడితల్లి చాలాసేపు గంజి గిన్నె కడుగుతూనే ఉంది.

"ఆ కోకలు అందేయని సెప్పమ్మా. ఇంక సాలని సెప్పు."

ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళకి ఇలాంటివి తెలుస్తాయనుకుంది కాబోలు, అచ్చియ్యమ్మ ఎలాగని అడగలేదు.

సాయంత్రం బండి కట్టుకుని అతనొచ్చేడు. పైడితల్లి తడిక వెనకే ఉండిపోయింది. "నడవగలవా?" అని పెళ్ళాన్ని అడగడం వినపడింది. గొంతు ముసలిదైపోయింది. బండి బుచ్చయ్యపేట రోడ్డెక్కేదాకా ఆమె తడిక పట్టుకునే ఉంది.

తరవాత పరదేశీ తనూ ఆఖరి బాల్చీ ఎత్తేరు. గోతి దగ్గర దించకుండానే ఆమె అడిగింది.

"నువ్వప్పుడన్న మాట, ఇంకా ఉందా?"

"ఉంది," అన్నాడు పరదేశి.

ఇద్దరూ కలిసి బాల్చీ వంచేరు.