ఓడెక్కిన పసుపు

సాయిప్రసాద్‌కు పసుపు కొమ్ముకూ అల్లం కొమ్ముకూ తేడా తెలియదు. అయినా ఆర్మూర్ ఫంక్షన్ హాల్లో వేదికెక్కి పసుపు గురించి ముప్పావు గంట మాట్లాడాడు. పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న స్వర్ణలత ఆవలింత ఆపుకోలేదు. ఆపుకోవాల్సినంత మనిషి కాదని ఆమె ఉద్దేశం.

నది మీద రెండు దేశాల మధ్య తిరిగే టూరిస్టు ఓడ ఆయన కంపెనీది. కోల్‌కతాలో ఎక్కితే బంగ్లాదేశ్‌లో దించుతుంది. స్వర్ణలత ఐదేళ్లుగా నారాయణ్‌గంజ్ వ్యాపారి ఒకాయనకు వేల్పూర్ పసుపు లారీల మీద పంపుతోంది. ఈసారి తన ఓడలో వేయమన్నాడు సాయిప్రసాద్. సరుకు చేరుతుంది, యాత్రికులకు మన సంస్కృతీ తెలుస్తుందన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నట్టు ఆమె సరేనంది.

ఇరవై బస్తాలు ఓడెక్కాయి. బూజు పట్టి అక్కడ దిగాయి. ఆ వ్యాపారి ఫోన్లో తిట్టలేదు. ఇన్నేళ్లూ మీ బస్తా మూతి విప్పకుండానే గోదాములో పెట్టాను, ఇక విప్పి చూడాల్సిందే అని మాత్రం అన్నాడు. తిట్టినా స్వర్ణలత అంత బాధపడేది కాదు. ఓడలో ఏం జరిగిందని అడిగితే, రైతే సరిగా ఆరబెట్టి ఉండడని సాయిప్రసాద్ తేల్చేశాడు. సరుకంతా వేల్పూర్ లింగవ్వది. స్వర్ణలత ఆ పూటే వెళ్లి, పచ్చి పసుపు అంటగట్టావని వాడకట్టంతా వినేలా కడిగేసింది. అప్పటినుంచి లింగవ్వ పసుపు ముట్టుకున్నవాడు లేడు.

ఇప్పుడు హాల్లో తెర మీద ఓడ ఫోటోలు పడుతున్నాయి. బస్తాలు విప్పి పసుపును డెక్కు మీద రాశి పోశారు. దాని చుట్టూ సెల్ఫీలు. తర్వాతి ఫోటోలో సిబ్బంది ఒకతను పైపుతో రాశి మీద నీళ్లు కొడుతున్నాడు.

"ఎండకు రంగు డల్‌గా కనిపించింది," అన్నాడు సాయిప్రసాద్. "కూరగాయల మీద నీళ్లు చల్లుతారు కదా, అట్లా రోజూ రెండుసార్లు చల్లించాం."

హాలంతా చప్పట్లు. ఉడకబెట్టి, పదిహేను రోజులు ఎండబెట్టిన పసుపును తోటకూర కట్టలా తడిపినవాడికి చప్పట్లు. కొట్టినవాళ్లలో సగం మంది పసుపు రైతులే. భోజనాలు ఉన్నాయంటే వీళ్లు దేనికైనా కొడతారు. స్వర్ణలత శాలువా తీసి కుర్చీలో పడేసి, ఆటో ఎక్కి వేల్పూర్ పోయింది.

లింగవ్వ వంటింట్లో ఉంది. స్వర్ణలత ఆమె పక్కనే పీట వేసుకుని జరిగిందంతా చెప్పింది. చెబుతూ సాయిప్రసాద్‌ను ఏడు తరాల దాకా తిట్టింది. చదువుకున్న గాడిద అంది. అంతా విన్నాక లింగవ్వ పొయ్యి మంట తగ్గించింది.

"గాయినకు పసుపు తెల్వది. గాయిన తప్పేమున్నది? లోడెత్తిన నాడు నా కల్లంల నువ్వే కొమ్ము ఇరిచినవ్. టప్పుమన్నది. పచ్చిదైతే వంగుతది గని ఇరుగదని నీకు తెల్వదా? నీ చెవులకన్న గాయిన మాట ఎక్కువైందా?"

స్వర్ణలత దగ్గర ఇంకా చాలా తిట్లున్నాయి. అవి ఎవరికి సరిపోతాయో ఇప్పుడు అర్థమైంది. తప్పయింది లింగవ్వా అని నెమ్మదిగా అంది.

"గా దినం వాడకట్టంత ఇనేటట్టు అన్నవ్," అంది లింగవ్వ. "గీ మాట వంటింట్ల చెప్తున్నవేంది బిడ్డా?"

స్వర్ణలత లేచి వాకిట్లోకి వచ్చింది. నల్లా దగ్గర బిందెలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాడకట్టంతా వినేలా ఆమె గొంతెత్తింది.