ఆగమని చెప్పే గుండ్రం

మళ్లీ మార్చమన్నారు పోర్టువాళ్లు, యాప్‌లో ఎరుపు గుండ్రం మరీ ముదురుగా ఉందట, కాస్త లేతగా కావాలట, లేత ఎరుపంటే ఎలా ఉంటుందో ఆ అడిగిన మహానుభావుడికే తెలియాలి, సాయిశంకర్‌కి తెలిసినవల్లా అంకెలు, కోడ్‌లో ఎరుపుకో అంకె, ఆకుపచ్చకో అంకె, కంటికి మాత్రం రెండూ ఒకే బురద రంగు, ఆ సంగతి ఈ ఆఫీసులో నరమానవుడికి తెలియదు, అంకె మార్చాడు, ఫోన్‌లోకి ఎక్కించాడు, చిన్న తెర మీద గుండ్రం వెలిగింది, ఏ రంగులో వెలిగిందో దేవుడికెరుక, కోడ్‌లో రంగు చెప్పే వరుస గుండ్రం గీసే వరుసకి పైన ఉండాలి, కిందపడితే అంతకుముందు గీసిన ఆకుపచ్చే వస్తుంది, పోయిన వారం అలాగే అయింది, పక్క సీటు ఉమాశంకర్ చూసి, నిద్దరోతన్నావేటి బావా, రెడ్ ఉండాల్సింది గ్రీన్ ఉంది అంటే, నిద్ర సాలట్లేదు బావా అని నవ్వేశాడు, ఆ నవ్వు నవ్వీ నవ్వీ ప్రాణం విసిగిపోయింది.

కంచరపాలెంలో ఇంటి వెనకే పట్టాలు, నాన్న గురునాథరావు రైల్వేలో గ్యాంగ్‌మాన్, కొడుకు ఇంజను నడపాలని ఆశ, రాతపరీక్ష పాసయ్యాడు కూడా, కంటి డాక్టరు చుక్కల బొమ్మ చూపించి ఇందులో అంకె ఎంత అన్నాడు, అంకె లేదండీ అన్నాడు వీడు, అంతే, ఇంజను ఉద్యోగం పోయింది, నాన్న తిట్టలేదు, తిడితే బాగుండేది, బస్సు దిగాక, ఎవలికీ సెప్పకురా, పిల్లనివ్వరు అన్నాడు, చెప్పలేదు, పూర్ణా మార్కెట్ నుంచి టమాటాలు సగం పచ్చివి తెచ్చాడని, కళ్లు నెత్తి మీదున్నాయేటిరా అని అమ్మ కసిరినప్పుడు కూడా చెప్పలేదు.

ఎలాగుంది సూడు బావా అని సాయిశంకర్ పక్క సీటువైపు ఫోన్ చాపాడు, అలా అడిగితే ఎదుటివాళ్లే రంగు పేరు చెప్పేస్తారు, అదీ అతని ఉపాయం, ఉమాశంకర్ తల తిప్పీ తిప్పకుండా, బాగుంది, పంపీ అన్నాడు, ఏ రంగు బాగుందిరా తండ్రీ, పంపేస్తే సాయంత్రానికి పోర్టులో లారీ డ్రైవర్ల ఫోన్లలో ఉంటుంది, ఎరుపంటే పైన క్రేన్ బరువెత్తి ఉంది ఆగమని, ఆకుపచ్చంటే పొమ్మని, పొమ్మంటే పోతాడు, పాపం, పక్కన అన్నం క్యారేజీ పెట్టుకుని, క్రేన్ కిందికి, మీట మీద వేలుంది, నొక్కేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు, నొక్కబుద్ధి కాలేదు, ఆ డ్రైవరూ తనలాంటివాడే అయితే, పై దీపమా కింది దీపమా అని చూసుకుని సిగ్నల్ దాటుతూ ఎవరికీ చెప్పుకోనివాడైతే, గుండ్రంలో ఆగు అని రాసుండాలి, ఆ మాట ఎన్నడో తట్టింది, ఎందుకని అడిగితే చెప్పాల్సొస్తుందని నోరు మూసుకున్నాడు, ఇప్పుడు మీట మీంచి వేలు తీసేసి, బావా, నాకు రెడ్డూ గ్రీనూ తెలీదు, పుట్టినకాడ్నించీ, ఇదేటో సెప్పు అన్నాడు.

ఉమాశంకర్ నవ్వబోయి ఆగాడు, ఫోన్ చేతిలోకి తీసుకుని ఈసారి నిజంగా చూశాడు, గ్రీనే ఉంది బావా అన్నాడు మెల్లగా, సాయిశంకర్ కోడ్ తెరిచి చూశాడు, రంగు వరుస మళ్లీ కిందే ఉంది, ఇన్నాళ్లూ ఇది తన పరువు సంగతే అనుకున్నాడు, కాదు, ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ప్రాణం సంగతి.