బొబ్బర చేను ఎవరిది?

ఈ ఏడు బొబ్బర్లకు మందు రెండుసార్లే కొట్టాం. నిరుడు ఎనిమిదిసార్లు. కొట్టింది మా ఆయనే, కాదనను. కానీ మందులో కలిపే నీళ్ళు బావి దగ్గర్నుంచి చేనుదాకా ఎవరి తలమీద వెళ్ళాయో ఒక్కరైనా అడిగారా? "పాపం నా కొడుకు, మందు కొట్టి కొట్టి నడుం పడిపోయింది" అంటూ అత్తగారు కొడుక్కి నూనె రాసేది. నా మెడ సంగతి నా మెడకే తెలుసు. అంత చేసినా పురుగు కాయలన్నీ తొలిచేసేది. అందుకే కదా, "ఈ రాళ్ళ ముక్క నువ్వే చేసుకో, నీ సరదా తీరుతుంది" అని మా ఆయన దాన్ని నాకు పడేశాడు!

ఇప్పుడు అదే ముక్కలో వ్యవసాయాఫీసు వాళ్ళిచ్చిన కొత్త విత్తనం వేస్తే కాయలు విరగకాశాయి. పురుగును చంపే గుణాన్ని మట్టిలోని ఏదో సూక్ష్మజీవి నుంచి తీసి ఈ విత్తనంలో పెట్టారట, జరియా పట్నం యూనివర్సిటీలో చదువుకున్నవాళ్ళు. "అది మన పేగులు కూడా తొలుస్తుందేమోనే" అని అత్తగారు దెప్పింది. కొత్త బొబ్బర్లు రుబ్బి కొసై వడలు వేసి పెడితే ఏడు తిని, "ఇంకా ఉన్నాయా?" అంది. ఆ విత్తనం చేసినవాళ్ళ కడుపు చల్లగుండాలి! పెళ్ళైన పదకొండేళ్ళకు మొదటిసారి మధ్యాహ్నం పూట కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

నిన్న వ్యవసాయాఫీసు నుంచి సాదియా వచ్చింది. వచ్చే ఏడు ఊరికి విత్తనం పెంచి ఇచ్చే రైతుల జాబితా రాస్తోంది. జాబితాలో పేరున్నవాళ్ళకే మళ్ళీ విత్తనం. మా ఆయన సంతకు పోయాడు.

"రాసుకో తల్లీ, అది నా కొడుకు చేనే" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"పేరు చెప్పండి పెద్దమ్మా."

అత్తగారు నోరు మూసుకుంది. మా ఆయన ఆమెకు తొలిచూలు. మా హౌసా వాళ్ళలో తొలిబిడ్డ పేరు తల్లి పలకదు, మొగుడి పేరు పెళ్ళాం పలకదు.

"నువ్వు చెప్పవే" అంది నాతో.

"అయ్యో అత్తా, సిగ్గు కాదూ! నేనెలా చెప్తాను?"

పక్కింటివాళ్ళను కేకేసింది. అందరూ సంతలోనే. సాదియా కలం పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దున్నింది నేను, విత్తింది నేను, కోసిందీ నేనే.

"నా పేరు రాసుకో, దేలూ అని" అన్నాను. "ఆ పేరైతే ఈ ఇంట్లో ఎవరైనా పలకొచ్చు."