రెండో భాగం చివరి పేజీలు

పొద్దున్నే కోడలు కుట్టుమిషన్ ముందు కూర్చుంటే, అత్తగారు మంచం మీంచే ఇల్లు నడిపేది. పాలగిన్నె ఎక్కడుందో, ఏ ముత్తాత ఏ పుస్తకంలో పడిపోయి ఎలా తిరిగొచ్చాడో, అన్నీ ఆవిడ నాలిక మీదే ఉండేవి. ఆ ఇంట్లోవాళ్ళు కథలో లీనమైతే కూర్చున్న చోటినుంచి మాయమవడం మామూలే. కథ అయిపోగానే వచ్చేసేవాళ్ళు, కాస్త ఆకలితో. అందుకే పుస్తకం పిల్లల చేతికిచ్చే ముందు పెద్దవాళ్ళెవరో ఒకరు చివరి పేజీలు తిరగేయాలి, బయటికి దారి ఉందో లేదో చూడాలి. అత్తగారికి చూపు మందగించాక ఆ పని కోడలికొచ్చింది.

మనవరాలికి పదిహేనేళ్ళు. బూడిద కురిసే ఊరు, ఇంటికొకరిని గోడ కింద పనికి ఈడ్చుకుపోయే సైనికులు, ఎదురు తిరిగే పిల్లలు. అలాంటి కథ మొదటి భాగం చదివి, జుట్టు నిండా బూడిదతో నవ్వుతూ వచ్చింది. రెండో భాగం కావాలని ప్రాణం తీసింది. ఆ పుస్తకం ఇంటికి వచ్చిన రోజు కోడలి ముందు బడిపిల్లల చొక్కాలు గుట్టగా ఉన్నాయి. చివర చూశావా అని అత్తగారు అడిగితే, మొదటిది బాగానే ఉందిగా అనుకుని, చూశానత్తయ్యా అనేసింది.

మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పిల్ల పలకలేదు. కుర్చీ ఖాళీ. పుస్తకం చివరి పేజీ దగ్గర తెరిచి ఉంది. కథ అయిపోయింది, పిల్ల రాలేదు.

కోడలు ఆ పేజీని పైపైన చూసింది. గోడ కింది తలుపు మూసుకుంది, లోపలివాళ్ళు లోపలే ఉండిపోయారు. అక్కడితో ఆపేశాడు రాసినాయన.

నిజం చెప్పక తప్పలేదు. అత్తగారు తిట్టలేదు. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది.

"ఇంటికొకరే కదూ ఆ సైనికులకి కావాల్సింది?"

"అవునత్తయ్యా."

"అయితే నాకు వినబడేలా పైకి చదువు. పైకి చదివేవాళ్ళు పోరు, వినేవాళ్ళు పోతారు."

నేను వెళ్తానని కోడలు ఏడ్చింది.

"నువ్వు పోతే దానికి జడెవరు వేస్తారు? నేను వేస్తే పాపిడి చెవి మీదికొస్తుంది. చదువు. మధ్యలో ఆపకు తల్లీ, సగం ఇక్కడా సగం అక్కడా ఉండటానికి ఈ నడుం ఒప్పుకోదు."

కోడలు చదివింది. సైనికులు తలుపు తట్టే చోట అత్తగారి కాళ్ళమీది దుప్పటి కిందికి కుంగింది. గోడ దగ్గర జనం వరసలో నిలబడే చోట, ఇందాక లేని మాటలు కనిపించాయి. 'ఈ ఇంటి తరఫున నేనొచ్చాను బాబూ, పిల్లని పంపించెయ్యి' అంది ఓ ముసలావిడ. కోడలు అదీ చదివింది, ఆపకుండా. తలుపు మూసుకుంది.

కుర్చీలో పిల్ల దగ్గుతోంది. మంచం మీద దిండు సొట్ట అలాగే ఉంది.

పుస్తకాల షాపాయన్ని అడిగితే మూడో భాగం లేదన్నాడు. రాసినాయన ఇక రాయనని చెప్పేశాడట.

పిల్ల మిషన్ మీది చొక్కాలు పక్కకి జరిపి కాగితాలు పెట్టుకుంది. 'గోడ కింది తలుపు తెరుచుకుంది' అని రాసి మంచం వైపు చూసింది. ఖాళీగానే ఉంది. అలా ఊరికే తెరుచుకుంటే ఎవరు నమ్ముతారు? ఆ వాక్యం కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టింది.