కట్లక్క

మడమకు అంటుకుపోయిన చేతిరుమాలును గోరువెచ్చని నీళ్ళతో తడుపుతూ, కట్లక్క మెల్లగా ఒలిచింది. హమాలీ పళ్ళు బిగించాడు.

"మళ్ళీ ఆ గోదాము బండేనా?" అంది.

"నా అజాగ్రత్తేనని రాయించుకున్నారక్కా. ఇంకోసారైతే పనిలోంచి తీసేస్తారట."

ఆ రంగుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పనివాళ్ళందరి పాదాలనూ ఒళ్ళో పెట్టుకుని బతికిన నర్సు. పొట్టి మనిషి, చేతులెప్పుడూ మందువాసన. గోరు నల్లబడితే డబ్బా జారిందని, అరికాలికి చిల్లు పడితే చెక్కపెట్టెలు విప్పి మేకులు ఏరలేదని, చీలమండ వాస్తే మెట్ల మీద నూనె తుడవలేదని చూడగానే చెప్పేది. "దీనికి నా మొహం గుర్తుండదు, మడమలైతే గుర్తుపడుతుంది," అని భర్త వేళాకోళమాడేవాడు.

ఈ నెలలో ఇది నాలుగో మడమ. నాలుగూ ఎడమవే. నలుగురి పరధ్యానమూ ఒకే చోట తగలదు.

కట్టు ముగించి, చేతులు కడుక్కుని తిన్నగా గోదాముకు నడిచింది. మేనేజరు అక్కడే ఉన్నాడు.

"సార్, ఈ బండి ఒక్కసారి లాగండి. ఖాళీదే."

"నేనా?"

"మీరే. నేను చెబితే కాగితమవుతుంది. మీ కాలు చెబితే పనవుతుంది."

మేనేజరు నవ్వుతూ లాగాడు. నాలుగో అడుగుకు బండి అంచు వచ్చి నిగనిగలాడే బూటు వెనక గీరింది. ఒంటికాలి మీద గెంతాడు. ఇద్దరు హమాలీలు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"పిడి పొట్టిది సార్. రెండు జానలు పెంచితే చాలు. ఆ నలుగురి కాగితాలూ చింపించండి. తప్పు మడమలది కాదు."

మేనేజరు బూటు చూసుకున్నాడు. వెల్డరును పిలిపించి, ఆ కాగితాలు తెప్పించి అక్కడే చింపాడు. టీ వేళకల్లా ఆరు బండ్లకూ పొడుగు పిడులు అతుక్కున్నాయి. కట్లక్క ఒక్కొక్కటీ తానే లాగి చూసి తల ఊపింది.

ఆ సాయంత్రం ఐదింటికి ఆమె రిటైరయింది. సభలూ ఉపన్యాసాలూ వద్దని వారం ముందే చెప్పేసింది. తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టింది.

"రేపట్నించి ఏం చేస్తావక్కా?"

"నా కాళ్ళు నొప్పెడుతున్నాయిరా. ఇక వాటిని చూసుకుంటా."

మర్నాడు కొత్త నర్సు బీరువా తెరిచింది. కింది అరలో కడిగి ఆరబెట్టిన ఒంటి చెప్పులు వరుసగా ఉన్నాయి, కట్లతో ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు మరిచిపోయినవి. ఒకదాని తెగిన పట్టీ సగం కుట్టి ఉంది. సూది ఇంకా దారానికే వేలాడుతోంది.