రంగులరాట్నం ఇంజను

నేను కాపురానికి వెళ్లిన రోజున నడిమి గది మూల, రెండు చెక్కల మీద, దుప్పటి కప్పుకుని ఒక ఆకారం కూర్చుని ఉంది. ఎవరో పెద్దావిడ ముడుచుకుని కూర్చుందనుకుని పలకరించబోయాను. మా ఆయన నవ్వాపుకుంటూ దుప్పటి అంచు ఎత్తి చూపించారు. లోపల ఎరుపు వెలిసిపోయిన చిన్న పెట్రోలు ఇంజను ఉంది.

"మా అన్నయ్య," అన్నారు. "నాకంటే మూడేళ్లు పెద్ద. నాన్నకి మొదట్నుంచీ వాడంటేనే ప్రాణం."

మా మామయ్యగారికి రంగులరాట్నం ఉండేది. పన్నెండు చెక్క గుర్రాలు, రెండు ఏనుగులు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూర్చోవడానికి ఒక బల్ల. వాటన్నిటినీ బెల్టుతో తిప్పేది ఈ ఇంజనే. ఎనిమిది నెలలు ఊరి చివరి మైదానంలో రాట్నం తిరిగేది. వానలు మొదలయ్యాక గుర్రాలు గోదాముకీ, ఇంజను ఇంటికీ వచ్చేవి. ఊళ్లో అందరూ ఆయన్ని రాట్నం తాత అనేవారు. పిల్లలతో ఎంత కబుర్లాడినా ఇంటికొస్తే మాత్రం నోరు విప్పేవారు కాదు. అత్తయ్యగారు పోయి అప్పటికే ఆరేళ్లయిందట. నేను అన్నం పెడితే తినేవారు. "ఇంకాస్త వెయ్యనా మామయ్యా?" అంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. మొదటి ఏడాదంతా మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ దాదాపు అంతే.

రెండో ఏడాది వానలు తొందరపడ్డాయి. అప్పుడు మామయ్యగారు జ్వరంతో మంచం మీద ఉన్నారు. మా ఆయన లారీ డ్యూటీ నుంచి వస్తూ వస్తూ మైదానానికి వెళ్లి, తడిసిపోతోందని ఇంజన్ని బండిలో వేసుకొచ్చారు. నడిమి గదిలో మామయ్యగారి మంచం ఉంది కదా అని, వంటింటి పక్క సామాన్ల గదిలోకి తోసి, ఆయనా అలిసిపోయి పడుకున్నారు. సాయం చేశామనే అనుకున్నాం ఇద్దరం.

మర్నాడు పొద్దున్న టీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. ఏదో వాసన వస్తోంది. మా ఆయన బట్టలకి ఎప్పుడూ ఉండే లారీ వాసనే అనుకున్నాను. అగ్గిపెట్టె తీసి, పుల్ల చేతిలోకి తీసుకున్నాను.

"అమ్మాయ్, పుల్ల గీయకు."

నడిమి గదిలోంచి మామయ్యగారి గొంతు. కోపం లేదు, కంగారూ లేదు. కానీ ఆ గొంతు విని నా చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది.

"లైటు స్విచ్చి కూడా ముట్టుకోకు. పెరటి తలుపు తీసి అలాగే బయటికి వెళ్లు. వాణ్ని నేను లేపుతాను."

నేను బయటికి వెళ్లాక చూశాను. సామాన్ల గది తలుపు కిందనుంచి వంటింటి గడప దాకా నేల నల్లగా తడిసి ఉంది. టాంకులో సగం పెట్రోలు అలాగే ఉండిపోయింది. రబ్బరు గొట్టం ఎక్కడో చీలి, రాత్రంతా చుక్కా చుక్కా కారింది. స్టవ్‌కీ ఆ తడికీ మధ్య రెండు అడుగుల దూరం కూడా లేదు.

తండ్రీ కొడుకులిద్దరూ ఇంజన్ని పెరట్లోకి మోసుకొచ్చారు. తడి మీద ఇసుక పోశారు. తలుపులూ కిటికీలూ అన్నీ తెరిచిపెట్టి మధ్యాహ్నం దాకా అరుగు మీదే కూర్చున్నాం. పక్కింటివాళ్లు ఇచ్చింది తిన్నాం. మా ఆయన తల ఎత్తలేదు.

"తప్పు నీది కాదురా," అన్నారు మామయ్యగారు చివరికి. "నేర్పనివాడిది." తరవాత నావైపు చూశారు. "ఇంట్లో ఎక్కువసేపు ఉండేది నువ్వు. జ్వరం తగ్గనీ, నీకు చూపిస్తాను."

"నాకెందుకు మామయ్యా, నాకేం తెలుసు?"

"తెలిసుంటే చూపించడం ఎందుకు?"

నాలుగో రోజు ఎండ కాసింది. మామయ్యగారు శాలువా కప్పుకుని పెరట్లో పీట మీద కూర్చున్నారు. ఆయన చెయ్యి పెట్టలేదు. అన్నీ నాచేతే చేయించారు. మొదట చీలిన గొట్టం తీయించి కొత్తది వేయించారు. టాంకులో మిగిలింది గరాటు పెట్టి ఇనప డబ్బాలోకి వంపించి, మూత బిగించి పెరటి చివరికి పంపించేశారు.

"పెట్రోలు పొయ్యాలన్నా తియ్యాలన్నా ఇంజను చల్లగా ఉండాలి, నువ్వు ఆరుబయట ఉండాలి. చుట్టుపక్కల బీడీ కూడా వెలగకూడదు. ఆ తరవాతే మిగతా మాటలు."

తరవాత తాడు లాగమన్నారు. మూడుసార్లు లాగినా పలకలేదు, నాలుగోసారికి అందుకుంది. నేను వెనక్కి గెంతాను. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"తిరగనీ. కార్బురేటర్లో మిగిలిన ఆ కాస్తా తాగేసి దానంతటదే ఆగుతుంది. అందులో పెట్రోలు నిలవుంటే జిగురు కడుతుంది. మళ్లీ సీజనుకి ఎంత లాగినా పలకదు."

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అది ఆగే క్షణంలో ఆయన మొహం పక్కకి తిప్పుకోవడం గమనించాను.

వేడి పూర్తిగా చల్లారకముందే కిందనున్న బిరడా విప్పి పాత ఆయిలు దించాను. గోరువెచ్చగా ఉంటే మడ్డంతా దిగిపోతుందట. కొత్త ఆయిలు పోశాక ప్లగ్గు మీది తీగ పీకి పక్కకి పెట్టించి, ప్లగ్గు విప్పించి, ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు పోయమన్నారు. దాని మీద గుడ్డ కప్పి తాడు మెల్లగా నాలుగుసార్లు లాగాను. ప్లగ్గు తిరిగి బిగించాక మళ్లీ లాగమన్నారు, ఈసారి ఇంకా మెల్లగా.

"చేతికి బరువు తగిలిందా?"

"తగిలింది."

"అక్కడ ఆపెయ్. లోపల వాల్వులు రెండూ మూసుకున్నాయి. ఇంక లోపలికి తేమ చేరదు. ఆ తీగ మాత్రం తగిలించకు. ఎవరైనా సరదాకి తాడు లాగినా ప్రమాదం ఉండదు."

గాలి వడపోసే స్పాంజిని సబ్బునీళ్లలో ఉతికి ఆరేశాను. ఇంజను ఒంటి చుట్టూ ఉన్న ఇనప రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము పాత పళ్ల బ్రష్షుతో తీశాను. నేను ప్లాస్టిక్ పట్టా తెస్తే వద్దన్నారు, లోపల చెమ్మ పడుతుందని. నూలు దుప్పటే కప్పి, చెక్కల మీద, వంటింటికి దూరంగా దాని మూలలో దాన్ని పెట్టాం.

అప్పట్నుంచీ ఏటా తొలివాన ముందు ఒక రోజు మా ఇద్దరిదీ అయింది. ఆ రోజున మామయ్యగారు మాట్లాడేవారు. చేతులకి పనుంటే గాని ఆయన నోటికి మాట వచ్చేది కాదేమో. ఇంజను లేని రోజుల్లో రాట్నాన్ని భుజంతో తిప్పేవాడినని ఒక ఏడాది చెప్పారు. అది కొన్న రోజున తాడు లాగడానికి తను జంకుతుంటే, "జరగండి" అని అత్తయ్యగారే లాగారని ఇంకో ఏడాది. జనం పల్చబడ్డాక ఆవిడ ఏనుగు మీద ఒక్క చుట్టు తిరిగి దిగేవారట. గుర్రం ఎందుకెక్కవంటే, "పరువుగా ఉండొద్దూ?" అనేవారట. ఏడాదికో ముక్క చొప్పున, నేను కళ్లతో చూడని అత్తయ్యగారు నాకు బాగా దగ్గరయ్యారు.

ఒకసారి ప్లగ్గు తుడుస్తూ ఉన్నట్టుండి అన్నారు. "మీ అత్తయ్య వానాకాలంలోనే పోయింది. ఆ ఏడాది ఇంజన్ని నేను పట్టించుకోలేదు. పెట్రోలు నాలుగు నెలలు అందులోనే ఉండిపోయింది. విప్పి చూస్తే కార్బురేటరంతా బంక. శుభ్రం చెయ్యడానికి మూడు వారాలు పట్టింది."

"అయ్యో," అన్నాను.

"అదీ మంచిదే అయింది. లేకపోతే ఆ మూడు వారాలూ నాకు ఏం చెయ్యాలో తెలిసేది కాదు."

పదేళ్ల తరవాత మైదానంలో బస్సు డిపో కట్టారు. గుర్రాలూ ఏనుగులూ ఒక బడికి వెళ్లాయి. ఇంజను మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. తిప్పడానికి ఏమీ లేకపోయినా ఏడాదికోసారి దాన్ని నడిపి, మళ్లీ పడుకోబెట్టేవాళ్లం. "మీ ఇద్దరికీ వేరే పని లేదు," అనేవారు మా ఆయన. అంటూనే తాజా పెట్రోలు తెచ్చిచ్చేవారు.

మొక్కలు పెంచి అమ్ముకునే ఒకామె, ఒక వేసవిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కాలవలోంచి నీళ్లు తోడే పంపుకి చిన్న ఇంజను కావాలట. మామయ్యగారు అంతా విని, "అమ్మాయిని అడగండి," అని లోపలికి వెళ్లి పడుకున్నారు. ఇంకో ఏడాది గడిస్తే రబ్బర్లన్నీ ఎండిపోతాయి. ఊరికే కూర్చోబెట్టడం దానికీ మంచిది కాదు. ఇస్తానన్నాను.

"వానల్లో దాచడం ఎలాగో చూపిస్తాను, కూర్చోండి."

"మా తమ్ముడు చూసుకుంటాడులెండి."

"తమ్ముడు రోజూ ఇంట్లో ఉంటాడా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి పీట లాక్కుంది. గంటన్నర పట్టింది. నా గొంతులో మామయ్యగారి మాటలే వినిపిస్తుంటే నాకే వింతగా అనిపించింది. ఆయన గదిలోంచి బయటికి రాలేదు. బండి కదిలి వీధి మలుపు దాకా వెళ్లాక కిటికీలోంచి పిలిచారు.

"అమ్మాయ్, ఒకటి మర్చిపోయావు. పెట్రోలు డబ్బా ఎండలో పెట్టొద్దని చెప్పలేదు."

చెప్పుల్లేకుండా పరిగెత్తి, బండి ఆపి, చెప్పి వచ్చాను.

ఇల్లు బోసిపోతుందని భయపడ్డాను. మొదటి వారం అలాగే ఉంది. ఆ తరవాత ఒక మధ్యాహ్నం, వానా లేదు, పనీ లేదు, కంచం ముందు కూర్చున్న మామయ్యగారు తనంతట తానే మొదలుపెట్టారు, రాట్నానికి ఏనుగులు చెక్కిన వడ్రంగి సంగతి. ఆ మర్నాడు ఇంకోటి. తరవాత బతికున్న నాలుగేళ్లూ ఆ మనిషి రోజూ మాట్లాడుతూనే ఉన్నారు. వడ్డించిన అన్నం చల్లారిపోయేది. "తినండి మామయ్యా," అంటే, "ఉండు, అసలు సంగతి ఇంకా రాలేదు," అనేవారు. నేనూ గరిటె పక్కన పెట్టి కూర్చునేదాన్ని.